వయ్యారిభామ ఎరువు గురించి మా అమ్మడికి

అమ్మడూ,

డ్వాక్రా గ్రూపు వాళ్లతో కలిసి రోడ్ల పక్కన వయ్యారిభామ కలుపు మొక్కలు పీకి, ఎరువు చేసి బస్తాల్లో అమ్ముతావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత గర్వపడ్డానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గుంత సంగతి నీకు తెలిసిందే. 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, 3 లోతు. మొక్కలు పొరలుగా పరిచి, పేడనీళ్లు చల్లి, పైన పేడమట్టితో మెత్తెయ్యి. నాలుగైదు నెలలు కదపకు.

నా భయమంతా పూత గురించే. 1998లో నేనూ ఈ ఎరువు చేశాను. పూత మీదున్న మొక్కల్నే నరికి కుప్ప పోశాను. నడుమ చెయ్యి పెడితే కాలింది. ఆ సెగకు గింజ చచ్చిపోతుందనుకున్నా. అంచులకు సెగ తగలదని, కుప్ప తిరగెయ్యాలని తోచలేదు. ఒక్కో మొక్కకు 10 వేలకు పైగా గింజలమ్మా! మిరప నాటి నెల తిరక్కుండానే సాళ్ల నిండా క్యారెట్ ఆకులాంటి మొలకలు. మీ పెద్దమ్మ వట్టి చేతులతో కూర్చుని పీకింది. వారానికల్లా వేళ్ల సందులు పొక్కి, చర్మం పగిలింది. అన్నం కలుపుకోలేక రెండు నెలలు చెంచాతో తింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదనిపిస్తుంది.

నాది నా చేలోనే పోయింది. నీ బస్తా ఎవరి చేలోకి వెళ్తుందో నీకేం తెలుసు? అందుకే మొగ్గ తొడగకముందే పీకించు. పూసిన మొక్క ఒక్కటి కూడా గుంతలో పడకూడదు. అమ్మేముందు ప్రతి గుంతలోంచి కొంచెం తీసి ట్రేలో పోసి, రెండు వారాలు తడుపుతూ చూడు. ఒక్క వయ్యారిభామ మొలిచినా ఆ ఎరువు అమ్మకు. డబ్బు పోతుందని నాకు చెప్పొద్దు, వినను.

నీళ్లమీద తేలే గుర్రపుడెక్కతో కూడా ఎరువు చేస్తావట. ఊరి చెరువుదైతే సరే. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే కాలువది ముట్టకు, సీసం లాంటివన్నీ పీల్చుకుంటుంది.

ఆయాసం ఉన్నవాళ్లను ఈ పనికి పిలవకు. ఉక్కపోస్తుందని గ్లౌజులు, మాస్కులు తీసేస్తారు. గట్టిగా చెప్పు, నీకు మొహమాటం ఎక్కువ.

పన్నెండు జతల గ్లౌజులు కొన్నాను, మీ పెద్దమ్మ చేతికి తొడిగి సైజు చూసి. ఆదివారం పొద్దుటి బస్సులో పంపిస్తా.

మీ పెదనాన్న