వివరణ ఎక్కడ ముగుస్తుంది, అనుమితి ఎక్కడ మొదలవుతుంది?

విజయవాడలో డిగ్రీ చదువుతున్న మీరు ప్రాజెక్టు కోసం మీ హాస్టల్లోని 60 మంది నెలవారీ ఖర్చులు సేకరించి, సగటు, ఆ సగటు చుట్టూ ఖర్చులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం కట్టారు. ఇది వివరణాత్మక గణాంకమా, అనుమితి గణాంకమా, విచలనానికి 60తో భాగించాలా, 59తోనా అన్నది మీ సందేహం. నేను గుంటూరులో మిర్చి నాణ్యత పరీక్షించే పనిలో ఉన్నాను కనుక ఆ అనుభవంతోనే జవాబు చెబుతాను. సగటు రెండు చోట్లా ఒకేలా కడతాం. ఆ సగటుతో ఎవరి గురించి మాట్లాడుతున్నామన్న దగ్గరే దారులు వేరవుతాయి.

చేతిలో ఉన్న సమాచారాన్ని కుదించి చెప్పడం వివరణ. మిర్చి యార్డులో రోజూ ప్రకటించే కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఆ కోవవే. మోడల్ ధర అంటే మీరు పదో తరగతిలో చదువుకున్న బాహుళకమే, అంటే ఎక్కువసార్లు వచ్చే విలువ. ఉదాహరణకు ఐదుగురు రైతుల లాట్లు క్వింటాలు 12,000, 12,500, 13,000, 13,500, 24,000 రూపాయల చొప్పున పోయాయనుకోండి. సగటు 15,000 వస్తుంది గానీ, ఐదుగురిలో నలుగురికి ఆ ధర దక్కనే లేదు. వరుసలో సరిగ్గా మధ్యనున్న విలువ, అంటే మధ్యగతమైన 13,000 వారి పరిస్థితిని నిజాయితీగా చెబుతుంది. హాస్టల్ ఖర్చుల్లోనూ ఒకరిద్దరు ఇలా మిగతావారికి చాలా పైన ఉండవచ్చు కనుక మధ్యగతం కూడా తప్పక రాయండి.

చూసిన కొద్దిదాన్ని బట్టి చూడని మొత్తం గురించి చెప్పబోతే అది అనుమితి. లారీలోని టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) విప్పలేం కాబట్టి 25 విప్పి తేమ కొలిచామనుకుందాం. సగటు 10.8 శాతం, ప్రామాణిక విచలనం 1 వచ్చాయి. కొనేవారు సగటు తేమ 11 శాతం మించరాదన్నారు. 10.8 తక్కువే కదా అని సంతకం పెట్టేయడానికి లేదు. విచలనాన్ని 25 వర్గమూలమైన 5తో భాగిస్తే ప్రామాణిక దోషం, అంటే నమూనా సగటు అసలు సగటు నుంచి మామూలుగా తప్పే మేర, 0.2 అవుతుంది, సగటుకు అటూ ఇటూ దానికి రెండింతలు తీసుకుంటే 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు సగటు ఉండగలదని నమ్మే పరిధి, సుమారు 10.4 నుంచి 11.2 వరకు ఉంటుంది, అంటే లారీ సగటు 11 దాటి ఉండే అవకాశాన్ని ఈ నమూనా తోసిపుచ్చలేదు. ఆ దోషం సగానికి తగ్గాలంటే 50 చాలవు, 100 టిక్కీలు విప్పాలి. ఎంత నేర్పుగా సూత్రం కట్టినా నిష్పాక్షిక అంచనాల (సగటున ఎక్కువ తక్కువలు లేకుండా అసలు విలువనే ఇచ్చేవి) విస్తృతి, అంటే ప్రామాణిక విచలనపు వర్గం, ఒక హద్దు కంటే తగ్గదని 1945లో నిరూపించిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు చిన్నతనంలో మన నూజివీడు, నందిగామల్లో చదువుకున్నవారేనని ఇక్కడ గుర్తుచేయాలనిపిస్తుంది.

అయితే ఈ లెక్కంతా టిక్కీల ఎంపిక యాదృచ్ఛికంగా జరిగితేనే నిలుస్తుంది. చేతికందిన పై వరుస నుంచే హమాలీ దించి ఇస్తే, ఎండకూ గాలికీ ఆరిన సరుకే మనకు కనబడుతుంది. అలా 100 విప్పినా అడుగు వరుసల తేమ తెలియదు. మీ 60 మందీ ఒకే హాస్టల్ వారు కాబట్టి, వారి గురించి మీరు చెప్పేది చక్కని వివరణే, కానీ దాన్ని విజయవాడ విద్యార్థులందరికీ అంటగట్టకండి. నగరం గురించే చెప్పదలిస్తే వేర్వేరు కళాశాలల జాబితాల నుంచి లాటరీ పద్ధతిలో పేర్లు తీయండి.

ఇక భాగహారం సంగతి. ఆ 60 మంది గురించే రాస్తే 60తో భాగించండి. పెద్ద సమూహపు విచలనాన్ని అంచనా కట్టాలంటే మాత్రం 59తో భాగించాలి, ఎందుకంటే మనం తేడాలను కొలిచేది తెలియని అసలు సగటు నుంచి కాదు, ఆ 60 మంది సొంత సగటు నుంచి. ఏ సంఖ్యల తేడాల వర్గాల మొత్తమైనా వాటి సొంత సగటు దగ్గరే అతి తక్కువగా ఉంటుంది కనుక, 60తో భాగిస్తే విస్తృతి అంచనా సగటున కాస్త తక్కువగా వస్తుంది. 59 ఆ లోటును పూడుస్తుంది. 60 దగ్గర ఈ తేడా స్వల్పమే గానీ, ఐదారు టిక్కీలతో తేల్చాల్సి వచ్చినప్పుడు ఫలితాన్నే మార్చేయగలదు.