ఫోన్‌లో ఉన్నాడా, పరాకు చేస్తున్నాడా?

ప్రశ్న: పండక్కి ఇంటికొచ్చిన పిల్లలు విస్తళ్ల ముందు కూర్చుని కూడా ఫోన్లు వదల్లేదు. "వాళ్లు ఫోన్‌లో ఉన్నారు, కాసేపాగి వడ్డించు" అన్నారు మావారు. ఫోన్‌లో ఉన్నారంటే మాట్లాడుతున్నారని కదా అర్థం? ఊరికే చూస్తున్నవాళ్లను అలా అనవచ్చా? నిమగ్నం, తలమునకలు, లీనం, పరధ్యానం.. వీటిలో ఏది సరైన మాట? ఎదుటి మనిషిని వదిలేసి ఫోన్ చూసుకోవడాన్ని ఇంగ్లీషులో ఫబ్బింగ్ అంటారట. మనకో మాట లేదా?
(ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: మీవారి మాటలో తప్పు లేదు. ల్యాండ్‌లైన్ రోజుల్లో 'నాన్న ఫోన్‌లో ఉన్నారు' అంటే అవతలివాళ్లతో మాట్లాడుతున్నారనే. ఆ 'లో' సంభాషణకు చెందినది. ఇప్పుడు మాట్లాడటం తగ్గి చూడటం పెరిగింది కనుక 'లో' కూడా దాని వెంట పోయింది. అయినా అయోమయం లేకుండా క్రియ కాపాడుతోంది. 'ఫోన్‌లో ఉన్నాడు, తర్వాత రమ్మన్నాడు' అంటే మాట్లాడుతున్నాడనే ఇప్పటికీ ముందు తోచే అర్థం. 'ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటాడు' అంటే మాత్రం మాట్లాడుతున్నాడని ఎవరూ అనుకోరు. 'ఉంటాడు' అలవాటును చెబుతుంది, 'లోనే'లోని ఏకారం మిగతా లోకాన్నంతా బయటికి నెట్టేస్తుంది. తెలంగాణలో 'ఫోన్ల ఉన్నడు' అంటారు. కోస్తావాళ్లు అది చూసి బహువచనం అనుకోనక్కర్లేదు, అక్కడ 'ల' అంటే 'లో'నే.

మీరు అడగని చిన్న విషయం ఒకటుంది, నాకు అదే ఎక్కువ ముచ్చట. 'ఫోన్ చూస్తున్నాడు' అంటే టైమెంతయిందో చూస్తున్నాడేమో, ఎవరైనా మెసేజ్ పెట్టారేమో. 'ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు' అనండి, వెంటనే ఫిర్యాదు అయిపోతుంది. ఆ పనంతా 'కొను'ది. చేసే పని తన కోసమేనని చెప్పడానికి వ్యాకరణం దానికిచ్చిన పేరు ఆత్మార్థకం. 'నొక్కుకుంటూ', 'గోక్కుంటూ', 'తోసుకుంటూ' అన్నిట్లోనూ అదే 'కొను', అదే విసుగు. మీటలున్న ఫోన్లు పోయి చాలా కాలమైనా 'నొక్కడం' మాత్రం పోలేదు చూడండి.

ఇక మీరిచ్చిన నాలుగు మాటలు. నిమగ్నం అంటే మునిగినది. వినాయక నిమజ్జనంలో ఉన్నదీ ఈ ధాతువే. కొందరు 'నిమజ్ఞం' అని రాస్తున్నారు, అది తప్పు. తలమునకలు కూడా మునగడమే కానీ అందులో భారం ఉంది. అప్పుల్లోనో, పెళ్లిపనుల్లోనో తలమునకలవుతాం. అన్నం ముందు కూర్చుని ఆఫీసు మెయిళ్లకు జవాబులిచ్చే అల్లుడిగారికి ఈ మాట సరిపోతుంది, రీల్స్ చూసే బావమరిదికి సరిపోదు. లీనం కావడమంటే కరిగి కలిసిపోవడం. పావు నిమిషానికో వీడియో తోసేసేవాడు దేనిలోనూ లీనం కాడు, ఆ మాటను సంగీతం వినేవాళ్లకే ఉంచుదాం. పరధ్యానం వీటికన్నా దగ్గరగా వస్తుంది. ఎదురుగా ఉన్నదాన్ని వదిలి వేరేదాని మీద ధ్యాస పెట్టడమే అది. కానీ అందులో తప్పు పట్టడం లేదు. దిగులుతో ఉన్నవాడూ పరధ్యానంగానే ఉంటాడు, పాపం.

ఫబ్బింగ్ విషయానికొస్తే, అది జనం నోట పుట్టిన మాట కాదు. 2012లో ఆస్ట్రేలియాలో మెక్వారీ నిఘంటువు ప్రచారం కోసం ఓ ప్రకటనల సంస్థ తయారు చేయించింది. ఫోన్ అనే మాటకూ, చిన్నచూపు చూడటమనే అర్థమున్న స్నబ్బింగ్‌కూ వేసిన ముడి అది. జర్మన్లు 2015లో ఏటా ఎంపిక చేసే యువత మాటగా 'స్మోంబీ'ని తీసుకున్నారు. స్మార్ట్‌ఫోన్, జోంబీ కలిపిన మాట. ఫోన్ చూస్తూ రోడ్డు మీద నడిచేవాడన్నమాట. వీటిని చూసి మనవాళ్లు ఏ 'చరవాణీ విస్మృతి'నో తయారు చేస్తారని నా భయం. చరవాణి మీద నాకు కోపం లేదు, పత్రికల్లో ఉండనివ్వండి. వడ్డిస్తూ వడ్డిస్తూ ఏ అమ్మా 'ఆ చరవాణి అవతల పెట్టరా' అనదు.

మనకు కావలసిన మాట ఇంట్లోనే ఉంది: పరాకు. దీంతో వచ్చే క్రియను బట్టి అర్థం మారుతుంది. 'పరాకులో ఉన్నాడు' అంటే ధ్యాస ఎటో పోయింది, అంతే. 'పరాకు చేశాడు' అంటే ఎదుటివాళ్లను పట్టించుకోలేదు, ఉపేక్షించాడు. త్యాగరాజు రాముణ్ణి 'పరాకు నీకేలరా' అని నిలదీసింది ఈ ఉపేక్ష గురించే. మీరు అడిగిన ఇంగ్లీషు మాటలో ఉన్న చురక మొత్తం 'పరాకు చేయు'లో ఉంది. 'ఫోన్ పట్టుకుని మమ్మల్ని పరాకు చేస్తున్నారు' అని రాయండి, పాతబడిన వాడుకే అయినా చదివినవాళ్లకు తడుముకునే పని ఉండదు. తమాషా ఏమిటంటే రాజుల కొలువులో వందిమాగధులు 'బహుపరాక్' అని కేక వేసింది 'జాగ్రత్త, ఇటు వినండి' అని. ఏమరడం, ఏమరొద్దని హెచ్చరించడం రెండూ ఈ ఒక్క మాటకే నిఘంటువులు కట్టబెట్టాయి. ఫోన్ చూస్తూ రోడ్డు దాటేవాడికి మాత్రం 'ఏమరుపాటు' వాడండి, అందులో ప్రమాదం కూడా ధ్వనిస్తుంది.

అన్నం తినేటప్పుడు మాట్లాడకూడదని మన పెద్దలే అనేవారు కదా, ఫోన్ చూస్తే తప్పేమిటని మీ పిల్లలు వాదించవచ్చు. ఆ మౌనంలో తినేవాడి దృష్టి విస్తట్లోనే ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో చూస్తుంటాను: కుడిచేతి వేళ్లకు పప్పన్నం ఎండి పొక్కులు కట్టింది, ఎడమ బొటనవేలు మాత్రం ఆగదు. 'నెయ్యి వెయ్యనా?' అంటే 'ఊ'. 'పెరుగు తెచ్చేదా?' 'ఊ'. 'ఇల్లు నీ చెల్లెలి పేర రాసెయ్యమంటావా?' 'ఊ'. కథ చెప్పేటప్పుడు పిల్లలు 'ఊ' కొడితేనే బామ్మ ముందుకు సాగేది. ఊ ఆగిందంటే నిద్రపోయారని గుర్తు. వింటున్నట్టు చెప్పే ఆ ఊకొట్టడమే ఇప్పుడు విననట్టు చెప్పే గుర్తయింది. నిఘంటువుల్లో ఈ కొత్త అర్థం ఇంకా ఎక్కలేదు, ఎక్కించాలి.

చివరగా, 'ఫోన్‌లో' అనాలా 'ఫోనులో' అనాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక పాతవాళ్లు ఉకారం చేర్చి 'ఫోను' అన్నారు, కారు, బస్సు లాగే. నేటి వాడుకలో పొల్లుతో 'ఫోన్' స్థిరపడింది. బహువచనంలో మాత్రం 'ఫోన్‌లు' కన్నా 'ఫోన్లు' నోటికి దగ్గర. ఏది రాసినా ఒకే వ్యాసంలో రెండు పద్ధతులూ కలపకండి.