పోస్ట్‌గ్రెస్ సర్వర్లు మూడు, ర్యామ్ మూడు రకాలు: కాన్ఫిగ్ ఫైళ్లు ఎలా పెట్టుకోవాలి?

మీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక ప్రైమరీ (మార్పులు రాసే ప్రధాన సర్వర్), రెండు రెప్లికాలకు (దాని కాపీలుగా నడిచే సర్వర్లకు) విడివిడిగా కాన్ఫిగ్ ఫైళ్లు, అంటే సెట్టింగ్‌ల ఫైళ్లు, ఉంటే ఒకచోట మార్చింది ఇంకోచోట మర్చిపోతున్నామని, ర్యామ్ వేరు కాబట్టి ఒకే ఫైల్ వాడలేకపోతున్నామని మీరు రాశారు. మేమూ చాలాకాలం ఇలాగే ఇబ్బంది పడ్డాం.

హోస్ట్‌కో (సర్వర్ మెషీన్‌కో) పూర్తి ఫైల్ పెట్టడం మానేయండి. అసలు కాన్ఫిగ్ ఫైల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ చివరి లైన్‌లో ఇన్‌క్లూడ్_డిర్ రాసి ఒక ఫోల్డర్ చూపించండి. అందులో .కాన్ఫ్‌తో ముగిసే ఫైళ్లను పేర్ల వరసలో చదువుతుంది, తర్వాత వచ్చిన విలువే నెగ్గుతుంది. 00తో మొదలయ్యే ఫైల్ అందరికీ ఒకటే, గిట్‌లో ఉంటుంది. 50తో మొదలయ్యేది ఆ హోస్ట్‌ది. మా హోస్ట్ ఫైల్లో ఉండేది షేర్డ్_బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ తన క్యాష్‌కు తీసుకునే మెమరీ), ఎఫెక్టివ్_క్యాష్_సైజ్ (క్యాష్‌కు మొత్తం ఎంత మెమరీ దొరుకుతుందన్న అంచనా), ఇంకో రెండు మూడు లైన్లు, అంతే.

ఒకేసారి ఎన్ని కనెక్షన్లు రావచ్చో చెప్పే మ్యాక్స్_కనెక్షన్స్‌ను మాత్రం హోస్ట్ ఫైల్లోకి తేకండి. చిన్న మెషీన్ కదా అని రెప్లికాలో తగ్గించాలనిపిస్తుంది. కానీ ప్రైమరీ కంటే తక్కువుంటే హాట్ స్టాండ్‌బై (క్వెరీలు చదవనిచ్చే రెప్లికా) స్టార్ట్ కాదు.

మమ్మల్ని బాగా ఏడిపించింది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్. ఎవరో ప్రైమరీలో ఆల్టర్ సిస్టమ్‌తో (సెట్టింగ్‌ను ఎస్‌క్యూఎల్ నుంచే మార్చే కమాండ్‌తో) షేర్డ్_బఫర్స్ పెంచారు. ఆ విలువ ఈ ఫైల్లోకి వెళ్తుంది. ఇది డేటా డైరెక్టరీలో ఉంటుంది, అన్నిటికంటే చివర చదవబడుతుంది. తర్వాత డేటా డైరెక్టరీని కాపీ చేసే పీజీ_బేస్‌బ్యాకప్‌తో కొత్త రెప్లికా కడితే ఆ ఫైల్ కూడా వచ్చేసింది. మెమరీ చాలక సర్వర్ లేవలేదు. హోస్ట్ ఫైల్లో విలువ తగ్గిస్తూనే ఉన్నాం, ఫలితం లేదు. అర్ధరాత్రి ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. సర్వర్ ఆగి ఉండగానే ఆటో.కాన్ఫ్‌లో ఆ ఒక్క లైన్ తీసేశాక లేచింది. ఫైల్ మొత్తం మాత్రం చెరిపేయకండి. 12వ వెర్షన్ నుంచి రెప్లికా తన ప్రైమరీని వెతుక్కునే ప్రైమరీ_కన్‌ఇన్ఫో కూడా మామూలుగా అందులోనే ఉంటుంది. ఆ తర్వాత ప్రైమరీలో ఆల్టర్ సిస్టమ్ రీసెట్ కొట్టి, ఆ విలువను హోస్ట్ ఫైల్లోకి మార్చాం. ఇప్పుడు మా టీమ్‌లో ఆల్టర్ సిస్టమ్ ఎవరూ వాడరు, వాడొద్దని గట్టిగానే చెబుతాను.

ఏ విలువ ఎక్కడినుంచి వచ్చిందో ఊహించకండి, సర్వర్‌నే అడగండి. పీజీ_సెట్టింగ్స్ అనే వ్యూలో (క్వెరీతో చూడగలిగే పట్టికలో) సోర్స్‌ఫైల్, సోర్స్‌లైన్ కాలమ్‌లు చెబుతాయి. రీలోడ్‌కు (సర్వర్ ఆపకుండా ఫైళ్లు మళ్లీ చదివించడానికి) ముందు పీజీ_ఫైల్_సెట్టింగ్స్ అనే ఇంకో వ్యూ చూస్తే తప్పు రాసిన లైన్ ఎర్రర్ కాలమ్‌లో దొరుకుతుంది. రీలోడ్ తర్వాత పీజీ_సెట్టింగ్స్‌లో పెండింగ్_రీస్టార్ట్ కాలమ్ చూడండి. షేర్డ్_బఫర్స్ లాంటివి రీస్టార్ట్ చేసేదాకా పాత విలువతోనే నడుస్తుంటాయి.