అల్జీమర్స్ ఉన్న నాన్నను చూసుకుంటున్న అమ్మకు ‘ది ఎటర్నల్ మెమరీ’ చూపించొచ్చా?

నాన్నగారికి అల్జీమర్స్ అని తేలిందని, అమ్మగారొక్కరే చూసుకుంటున్నారని, ఆవిడకు కాస్త ధైర్యంగా ఉంటుందేమో ఈ డాక్యుమెంటరీ చూపించొచ్చా అని అడిగారు. నా మాట వింటే ముందు మీరు చూడండి. తోబుట్టువులుంటే వాళ్లనీ చూడమనండి. అమ్మగారి సంగతి తర్వాత. మా వారికీ ఇదే జబ్బు, కాకినాడలో మేమిద్దరమే ఉంటాం. ఆ సినిమాలో నాకు కొత్తగా తెలిసింది పెద్దగా లేదు. కానీ అది చూశాకే హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి “నాన్న ఫోన్లో బానే మాట్లాడుతున్నారు కదమ్మా” అనడం మానేశాడు.

ఇది చిలీ దేశపు సినిమా, 2023లో వచ్చింది. దర్శకురాలు మైతే అల్బెర్ది. ఆస్కార్‌కు నామినేట్ అయింది. అల్జీమర్స్ వచ్చిన భర్తను చూసుకునే భార్య, నిజమైన ఓ జంట కథ ఇది. భర్త ఆగుస్తో గొంగోరా పేరున్న జర్నలిస్టు. చిలీని ఏలిన సైనిక నియంత పినోచెట్ కాలంలో టీవీ చూపించని వార్తలను వీడియో క్యాసెట్లలో చాటుగా జనానికి చేరవేసిన బృందంలో పనిచేశారు. భార్య పౌలినా ఉర్రుతియా నటి, సాంస్కృతిక మంత్రిగా కూడా చేశారు. ఆయన జబ్బు 2014లో బయటపడింది. దేశం జ్ఞాపకాలు కాపాడినాయన తన జ్ఞాపకాలే పోగొట్టుకున్నాడని సమీక్షల్లో రాశారు. నిజమే గానీ, నాకు నచ్చింది ఆవిడ మాట తీరు. ఆయన నిద్ర లేవగానే తనెవరో తనే చెబుతుంది, విసుక్కోకుండా. “నేను గుర్తున్నానా?” అని పరీక్ష పెట్టడం కన్నా అదే నయం.

మన ఇళ్లలో చుట్టాలు రాగానే పెట్టేది ఆ పరీక్షే. “నేనెవరో చెప్పు బావా!” అంటారు. ఆయన బిక్కమొహం వేస్తారు, వాళ్లు నవ్వుతారు. అందుకే ఇప్పుడు గుమ్మంలోనే చెప్పేస్తున్నాను, లోపలికెళ్లగానే మీ పేరూ వరసా మీరే చెప్పండి అని. కొందరికి కోపం వస్తోంది, రానివ్వండి.

సాయంత్రమైతే మా వారు “ఇంటికెళ్దాం పద” అంటారు, తను కట్టించిన ఇంట్లోనే కూర్చుని. ఇదే మన ఇల్లని వాదిస్తే గొడవ పెరుగుతుంది తప్ప లాభం లేదు. “టీ తాగి వెళ్దాం” అని, చీకటి పడకముందే లైట్లన్నీ వేస్తాను. ఆ వేళకు కంగారు ఎక్కువవడం ఈ జబ్బులో మామూలేనట. సినిమాలోనూ ఆయన కంగారుపడి ఏడ్చే సన్నివేశాలున్నాయి. కోవిడ్‌లో సిబ్బంది రాలేకపోతే కెమెరా పౌలినాయే పట్టుకుంది. కొన్నిచోట్ల ఫోకస్ కూడా కుదరలేదు, అయినా అవే నిజంగా అనిపించాయి.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పౌలినా ఆయనకంటే దాదాపు 17 ఏళ్లు చిన్నది, ఒంట్లో ఓపికున్న మనిషి. మీ అమ్మగారికీ, నాకూ బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు వెంట ఉన్నాయి. డైపర్ల ఖర్చెంత, రాత్రి మూడింటికి ఎవరు లేస్తారు అన్న లెక్కలు ఆ సినిమాలో లేవు. అది చూసి “ఆవిడెంత ప్రేమగా చేస్తోందో చూడమ్మా” అని మాత్రం అనకండి. అమ్మగారికి అది దెప్పినట్టుంటుంది. అంతకన్నా నెలలో నాలుగు రోజులు మీరొచ్చి ఉంటే, ఆవిడ రాత్రిళ్లు కంటినిండా నిద్రపోతారు.

పనిలో పనిగా ఇంకో రెండు మాటలు. నాన్నగారికి ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక బాగా పెరిగితే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. యూరిన్ ఇన్ఫెక్షన్ వల్ల కూడా అలా అవుతుంది, వెంటనే డాక్టరుకు చూపించండి. బ్యాంకు, పెన్షన్ కాగితాల పని ఆయనకు విషయం అర్థమవుతున్నప్పుడే పూర్తి చేసుకోండి. అల్జీమర్స్ కుటుంబాల కోసం పనిచేసే ఏఆర్‌డీఎస్‌ఐ సంస్థకు హైదరాబాద్‌లో శాఖ ఉంది, వాళ్లతో మాట్లాడొచ్చు.

ఇన్ని చెప్పాక కూడా అమ్మగారు చూస్తానంటే చూపించండి. మాటలు స్పానిష్‌లో ఉంటాయి, సబ్‌టైటిల్స్ చదవడం ఇబ్బందైతే పక్కన కూర్చుని చెప్పండి. గంటన్నరలోపే అయిపోతుంది. ఆ కాసేపు నాన్నగారి దగ్గర ఎవరుంటారో మాత్రం ముందే చూసుకోండి.