ముద్ర లేని పాటలు

తమ్ముడూ,

పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త ఫానీ హెన్సెల్ మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రి చదివాను. మొదటి మూడు పేజీలూ ఆవిడకు జరిగిన అన్యాయమే. ఆవిడ తమ్ముడు, స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్‌కి సంగీతం వృత్తి కావచ్చు గానీ నీకది అలంకారంగానే ఉండాలని 1820లో తండ్రి రాసిన ఉత్తరం ఉంచు, అది గట్టిది. మిగతాది చదివాక కూడా ఆవిడ పాట ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. నా మొదటి వ్యాసమూ ఇంతే. అచ్చయ్యాక ఒక పెద్దాయన కార్డు రాశాడు: "అయ్యో పాపం అనిపించింది, ఇంతకీ పాట బాగుంటుందా?" జవాబు రాయలేదు. నేనే సరిగ్గా వినలేదు మరి.

ఆవిడవి 250కి పైగా పాటలున్నాయి, నువ్వు రెండే తీసుకో. ముందు 'ఇటలీ'. 1827లో, 1830లో తమ్ముడి పేరుతో అచ్చయిన సంపుటాల్లో కలిసిపోయిన ఆరు పాటల్లో ఇదొకటి. 1842లో లండన్‌లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ఎదుట పాడటానికి ఏరికోరి దీన్నే తీసింది, పాడాక ఆయన ఇది మా అక్కదని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇంత మంచి సన్నివేశాన్ని రెండు ముక్కల్లో తేల్చేశావేంటి? మన త్యాగయ్య కీర్తనయితే చివరి చరణంలో ముద్రే చెప్పేస్తుంది ఎవరిదో. జర్మన్ పాటకు ఆ సదుపాయం లేదు, అట్ట మీద ఎవరి పేరుంటే పాట వాళ్లదే. ఇది రాస్తే మనవాళ్లకు వెంటనే ఎక్కుతుంది. (ఇద్దరూ పోయింది 1847లోనే, ఆవిడ మేలో, ఆయన నవంబరులో. దాన్ని మాత్రం పెద్దది చేయకు.)

రెండోది, జర్మన్ కవి ఐషెన్‌డార్ఫ్ కవితకు కట్టిన ఆఖరి పాట. మే 13న రాసింది, మర్నాడు ఇంట్లో ఆదివారం కచేరీకి రిహార్సల్ చేయిస్తూ పియానో దగ్గరే పక్షవాతం వచ్చి పడిపోయి ఆ రాత్రే పోయింది, 41 ఏళ్లకే. నువ్వేమో "మృత్యువు నీడ పడిన పాట" అన్నావు. విన్నావా అసలు? కొండెక్కి కింద అడవినీ ఏటినీ చూస్తున్న మనిషి హుషారు అది! మాటలు ముందు పెట్టుకుని, ఇద్దరు వేర్వేరు గాయనుల రికార్డింగులు విను, ఎక్కడ గొంతు పైకి లేస్తుందో, అప్పుడు పియానో ఏం చేస్తుందో నీ మాటల్లో రాయి. నొటేషన్ రాదని టెన్షన్ వద్దు.

శీర్షికలో 'మెండెల్సన్ అక్క' తీసెయ్. 1846లో మొదటి సంపుటి తన పేరుతోనే వేయించుకుంది కదా.

ఆదివారంలోగా పంపు.