పొలిమేర దాటని పల్లె

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లో చదువుతున్నాడు. ఆగస్టు చివర్లో నేనూ మా ఆయనా వెళ్తున్నాం. లండన్ ఎలాగూ చూస్తాం. వాడుండే చోటికి దగ్గర్లో చరిత్ర ఉన్న చిన్న పల్లెటూరు ఏదైనా ఉంటే చెప్పండి.
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఇంకో ఆలోచన పెట్టుకోకుండా డెర్బీషైర్ కొండల్లో ఉన్న ఈమ్ అనే ఊరికి వెళ్ళండమ్మా. షెఫీల్డ్‌లో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు.

మన గంగమ్మ జాతరకి చాటింపు వేశాక ఊరు పొలిమేర దాటకూడదంటారు కదా. 1666 జూన్‌లో ఆ ఊరివాళ్ళు కూడా పొలిమేర దాటకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు, ప్లేగు తమతోనే ఆగిపోవాలని. ముందు ఏడాది లండన్ నుంచి ఒక టైలర్ ఇంటికి గుడ్డల మూట వచ్చింది. తడిగా ఉందని జార్జ్ వికర్స్ అనే పనివాడు దాన్ని నిప్పు దగ్గర ఆరబెట్టాడనీ, అందులోని పురుగులతోనే జబ్బు అంటుకుందనీ చెబుతారు. సెప్టెంబరులో మొదట పోయింది అతనే. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. చనిపోయినవాళ్ళ పేర్లతో బోర్డు బయటే ఉంటుంది.

ఊరిని ఒప్పించింది చర్చి పాస్టరు విలియం మాంపెసన్, ఆయనకు ముందు అక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ. మతం విషయంలో ఇద్దరిదీ చెరో దారి, అయినా ఒక్కటయ్యారు. మాంపెసన్ భార్య కేథరీన్ కూడా 1666 ఆగస్టులోనే పోయింది, ఆమె సమాధి చర్చి ఆవరణలో ఉంది.

మీరు తప్పకుండా చూడాల్సింది పొలిమేర రాయి. దాని మీద గుంటలుంటాయి. పక్క ఊరివాళ్ళు తిండీ మందులూ అక్కడ పెట్టి వెళ్తే, వీళ్ళు ఆ గుంటల్లో వెనిగర్ పోసి, డబ్బుల ద్వారా జబ్బు పోకుండా నాణేలు అందులో వేసేవాళ్ళు. వేలు పెట్టి చూడండి, అంచులు నున్నగా అరిగిపోయి ఉంటాయి.

ఓపికుంటే రైలీ సమాధుల దాకా నడవండి. ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పూడ్చుకున్న చోటు అది, రాసేటప్పుడు నాకే చేయి ఆగిపోయింది. 14 నెలల్లో 260 మంది దాకా పోయారు.

ఆగస్టు చివరి ఆదివారం అక్కడ ప్లేగు ఆదివారం. అప్పట్లో చర్చి మూసేసి ఆరుబయట ప్రార్థన చేసుకున్న లోయలోనే ఇప్పుడూ అందరూ చేరి వాళ్ళని తలుచుకుంటారు. మీ టికెట్లు ఆ తేదీకి కుదురుతాయేమో చూసుకోండమ్మా.