ముద్ర పడని నాణెపు బిళ్లలు దగ్గర పెట్టుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: నాణేలు సేకరించడం నా సరదా. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర అమెరికా సెంటు, పావు డాలరు నాణేలవి ముద్ర పడని బిళ్లలు ఆరు కొన్నాను. 'మింట్ ఎర్రర్' (టంకశాలలో పొరపాటున ఇలా తయారై బయటికొచ్చినవి) అని అమ్మాడు. ఎలా వచ్చాయని అడిగితే, "లోపల పనిచేసే మనిషి తెచ్చిచ్చాడు" అని మెసేజ్ పెట్టాడు. దొంగనాణేల కేసులో ఇరుక్కుంటావని స్నేహితుడు బెదరగొడుతున్నాడు. ఒకటే టెన్షన్. ఉంచుకోవచ్చా? అమ్ముకోవచ్చా?

జవాబు: భయపడాల్సిన విషయం ఒకటుంది గానీ, మీ స్నేహితుడు చెప్పింది మాత్రం అది కాదు.

దొంగనాణేల నేరం భారతీయ న్యాయ సంహిత 178వ సెక్షన్‌లో ఉంది. ఏదైనా రాజ్యాధికారం ముద్ర వేసి, డబ్బుగా వాడటానికి జారీ చేసిన లోహాన్ని కూడా అక్కడి వివరణ నాణెం అంటుంది. అంటే అమెరికా సెంటూ అందులోకి వస్తుంది. మీ బిళ్లల మీద ముద్రే లేదు, వాటిని ఎవరూ జారీ చేయలేదు. అసలు నాణేలే కానివి దొంగనాణేలు ఎలా అవుతాయి?

ఇక 181వ సెక్షన్. దొంగనాణేల తయారీకి వాడటానికి పనిముట్లో సామగ్రో దగ్గర ఉంచుకున్నా, అందుకే వాడతారని తెలిసి ఉంచుకున్నా యావజ్జీవం దాకా శిక్ష. ఇంట్లో అచ్చులు, ప్రెస్సు, బస్తాడు బిళ్లలు దొరికితే సమాధానం చెప్పుకోవడం కష్టమే. ఆల్బమ్‌లో ఆరు బిళ్లలుంటే ఆ ఉద్దేశం అంటగట్టలేరు.

అసలు చిక్కు ఆ మెసేజ్‌తోనే. 317వ సెక్షన్ ప్రకారం దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి, దురుద్దేశంతో తీసుకున్నా ఉంచుకున్నా మూడేళ్ల దాకా జైలు. దొంగతనం దేశం బయట జరిగినా సరే, అది దొంగసొత్తే. మంచి మనసుతో డబ్బిచ్చి కొన్నా దొంగసొత్తు మీద హక్కు రాదు. అమ్మినవాడికి లేని హక్కు మీకెక్కడిది?

అలాగని ముద్ర లేని బిళ్లలన్నీ దొంగసొత్తు కాదు. లోహపు రేకు నుంచి గుండ్రంగా కత్తిరించగానే వచ్చేది బ్లాంక్. దాని అంచు చదునుగా ఉంటుంది. ఆ తర్వాత ఇంకో యంత్రంలో అంచు పైకి లేచాక ప్లాంచెట్ అంటారు. వేలితో తడిమినా తేడా తెలుస్తుంది. ఇలాంటివి అప్పుడప్పుడు అచ్చు కింద పడకుండా తప్పించుకుని, నాణేల సంచుల్లో కలిసి బ్యాంకుల దాకా వెళ్తాయి. అలా బయటపడ్డవాటిని సేకర్తలు ఏళ్ల తరబడి బాహాటంగానే కొంటున్నారు, అమ్ముతున్నారు.

జేబులో వేసుకుని గేటు దాటించింది వేరు. అమెరికాలో 1974 నాటి అల్యూమినియం సెంటు ఒకటి డెన్వర్ టంకశాల అధికారి కొడుకు దగ్గర బయటపడింది. అది ఎప్పుడూ జారీ కాలేదు కాబట్టి తమదేనని ప్రభుత్వం పట్టుబట్టింది. కోర్టు దాకా వెళ్లి, చివరికి 2016లో తిరిగి ఇచ్చేశారు. అది ముద్ర పడ్డ నాణెం, మీవి ముద్ర లేనివి. అయినా ఎలా బయటికొచ్చిందన్న ప్రశ్న రెండింటికీ ఒకటే.

కాబట్టి మెసేజ్ చెరిపేయకండి. చెరిపితే దాచిపెట్టినట్టు కనిపిస్తుంది. ఎవరి నుంచి, ఎలా వచ్చాయో రాతపూర్వకంగా చెప్పమని అమ్మకందారుడిని అడగండి. నా అనుభవంలో, సరుకుకు గొప్పతనం అంటగట్టడానికి ఇలాంటి కథలు అల్లేవాళ్లే ఎక్కువ. కథేనని ఒప్పుకుని బిల్లు చూపిస్తే నిశ్చింతగా ఉంచుకోండి. కాదు, నిజమే అంటే మాత్రం సరుకు వెనక్కిచ్చి డబ్బు అడగండి. అది తేలేదాకా ఎవరికీ అమ్మకండి.

ఈలోగా చిన్న త్రాసు మీద తూచి చూడండి. మామూలు పావు డాలరు బిళ్ల 5.67 గ్రాములుండాలి, పక్క నుంచి చూస్తే మధ్యలో రాగి చార కనబడాలి. 1982 తర్వాతి సెంటు బిళ్లయితే 2.5 గ్రాములు, రాగి పూత ఉన్న జింకు. అరిగిన నాణేన్నో, ఆసిడ్‌లో ముంచి ముద్ర పోగొట్టినదాన్నో అంటగట్టడం ఈ వ్యాపారంలో మామూలే. అలాంటిదని తేలితే అది 318వ సెక్షన్ కింద మోసం. మీరుండే చోటి వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు కూడా చేయవచ్చు. లిస్టింగ్ స్క్రీన్‌షాట్ మాత్రం ఈ రోజే తీసి పెట్టుకోండి. అమ్మినవాడు ముందు తీసేసేది దాన్నే.